నియోజకవర్గం మనసు ఒక్కటేనా? ఓటర్ల భావాల్ని కొలిచిన 300 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక లెక్క గురించి మాట్లాడుకుందాం. లెక్క అనగానే వీడియో ఆపేయకండి, ఇందులో ఫార్ములాలు ఏమీ లేవు. రాజులు, జమీందార్లు, బ్యాలెట్ పెట్టెలు, ఫేస్‌బుక్, అన్నీ ఉన్నాయి.

ఎన్నికల ఫలితాలు వచ్చే రోజు టీవీలో ఒక మాట పదే పదే వినపడుతుంది. "ఫలానా నియోజకవర్గం ఫలానా పార్టీకి కంచుకోట." అక్కడ రెండు లక్షల మంది ఓటర్లుంటారు. వాళ్లందర్నీ కలిపి ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ కంచుకోటలోనే ఓడిపోయిన అభ్యర్థికి 40 శాతం ఓట్లు వచ్చి ఉండొచ్చు. ఆ 40 శాతం సంగతి మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

మనలో చాలామందికి తెలిసిన కరణం గారి కథ ఒకటుంది కదా. కుటుంబంతో ఏరు దాటాలి. కరణం గారు అక్కడక్కడా లోతు కొలిచి సగటు కట్టారు. సగటు లోతు మూడడుగులే వచ్చింది, మునిగేదేం లేదు, దిగండి అన్నారు. మధ్యలో పదడుగుల గుంట ఉంది. లెక్క సరిగ్గానే ఉంది, కుటుంబమే మునిగింది. నియోజకవర్గాల విషయంలో మనం చేసేది సరిగ్గా ఇదే.

ఎలాగో చెప్తాను. ప్రభుత్వం జనం జీవితంలో ఎంతవరకు కలగజేసుకోవాలి అన్న ప్రశ్నకి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమన్నాం అనుకోండి. మొదటి నియోజకవర్గంలో అందరూ నాలుగు, ఐదు, ఆరు దగ్గర ఉన్నారు. సగటు ఐదు. రెండో నియోజకవర్గంలో సగం మంది ఒకటి అన్నారు, సగం మంది తొమ్మిది అన్నారు. సగటు మళ్లీ ఐదే! కాగితం మీద రెండూ ఒకటే. కానీ మొదటి చోట ఎమ్మెల్యే ఐదు అంటే అందరూ సర్దుకుపోతారు. రెండో చోట ఐదు అన్నవాడు ఎవరికీ అక్కర్లేదు. అంటే సగటు తెలిస్తే సరిపోదు, జనం ఎంత దూరందూరంగా ఉన్నారో కూడా తెలియాలి. భావజాల వైవిధ్యం అంటే ఇదే.

మరి దీన్ని కొలవడం ఎలా? ఓటు రహస్యం కదా! ఇక్కడే మన కథ మొదలవుతుంది. ఎందుకంటే ఓటు ఎప్పుడూ రహస్యంగా లేదు.

ఇంగ్లండ్ వెళ్దాం. 1872కి ముందు అక్కడ ఓటు వేయడం అంటే నోటితో చెప్పడం. ఓటరు అందరి ముందు నిలబడి తన పేరు చెప్పి, ఎవరికి ఓటేస్తున్నాడో పైకి చెప్పాలి. గుమాస్తా దాన్ని పుస్తకంలో రాసుకుంటాడు. దాని పేరే పోల్ బుక్. 1696లో వచ్చిన చట్టం ప్రకారం ఆ వివరాలు అడిగినవాళ్లకి నకలు ఇవ్వాలి. దాంతో ఊళ్లలో ప్రింటర్లు వాటిని అచ్చేసి అమ్ముకున్నారు. పేరు, చాలా చోట్ల వృత్తి, ఎవరికి ఓటేశాడు, అన్నీ అందులోనే. మీ వీధిలో ఎవరు ఎవరికి ఓటేశారో పుస్తకం కొనుక్కుని చదువుకోవచ్చన్నమాట.

ఇంకో విశేషం. అప్పట్లో ఇంగ్లండ్‌లో చాలా నియోజకవర్గాల నుంచి ఇద్దరు ఎంపీలు ఎన్నికయ్యేవాళ్లు. ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు. రెండూ ఒకే పార్టీ వాళ్లకి వేయొచ్చు, చెరొకటి చొప్పున పంచొచ్చు, లేదా ఒకే ఓటు వేసి రెండోది వదిలేయొచ్చు. అంటే ప్రతి మనిషి గురించీ ఒక సమాధానం కాదు, రెండు సమాధానాల జత దొరుకుతుంది. పార్టీని గట్టిగా పట్టుకున్నవాళ్లెవరో, రెండు పక్కలా కాలు పెట్టినవాళ్లెవరో ఊరు ఊరంతా లెక్కపెట్టొచ్చు. 1967లో జాన్ విన్సెంట్ అనే చరిత్రకారుడు ఈ పోల్ బుక్స్ మీద ఒక పుస్తకమే వేశాడు. విక్టోరియా కాలంలో మాంసం కొట్టువాళ్లు ఎక్కువగా టోరీల వైపు, కిరాణా వ్యాపారులూ చెప్పులు కుట్టేవాళ్లూ ఎక్కువగా లిబరల్స్ వైపు మొగ్గారని అందులో చూపించాడు. ఒక్క సర్వే చేయకుండా, వందేళ్ల కిందట చనిపోయిన మనుషుల గురించి!

చరిత్రకారుడికి ఇది బంగారు గని. మరి ఓటరుకి?

ఆ పుస్తకం చరిత్రకారుడి కంటే ముందు జమీందారు చేతికి వెళ్తుంది. కౌలుదారు తను చెప్పినవాడికి ఓటేశాడా లేదా అని చూసుకుంటాడు. 1868 ఎన్నికల తర్వాత వేల్స్‌లో లిబరల్స్‌కి ఓటేసినందుకు కౌలు రైతుల్ని భూముల్లోంచి వెళ్లగొట్టారు. ముఖ్యంగా కార్డిగన్‌షైర్, కార్మార్థన్‌షైర్ ప్రాంతాల్లో. ఇల్లూ పొలమూ రెండూ పోయాయి. రహస్య ఓటు కోసం జరిగిన పోరాటానికి ఈ ఘటనలు పెద్ద బలం అయ్యాయి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. జమీందారు వెనకాల నిలబడి చూస్తుంటే పైకి చెప్పిన ఓటు ఆ మనిషి నిజమైన అభిప్రాయమేనా? పోల్ బుక్ కొలిచింది మనసునా, భయాన్నా? అందుకే ఆ లెక్కలు చదివేటప్పుడు చరిత్రకారులు కొంచెం జాగ్రత్తగా ఉంటారు.

1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా కాలనీల్లో రహస్య బ్యాలెట్ వచ్చింది. బ్రిటన్‌లో 1872లో బ్యాలెట్ చట్టం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 15న పాంటిఫ్రాక్ట్ అనే ఊళ్లో మొదటి రహస్య ఉప ఎన్నిక జరిగింది. అతిమధురంతో చేసే మిఠాయికి ఆ ఊరు ప్రసిద్ధి. బ్యాలెట్ పెట్టెకి సీలు వేయడానికి ఆ మిఠాయి మీద ముద్ర వేసే అచ్చునే వాడారు. ఆ ఒక్క సీలుతో కౌలుదారు ఊపిరి పీల్చుకున్నాడు. అదే సీలుతో లెక్క కట్టేవాళ్ల కళ్లకి గంతలు కూడా పడ్డాయి. ఇక నుంచి కనపడేది మొత్తం మాత్రమే. మనిషి కనపడడు.

అప్పుడు పండితులు ఏం చేశారు? మనుషుల్ని వదిలేసి ప్రాంతాల్ని చూడటం మొదలుపెట్టారు. 1913లో ఆంద్రే సీగ్‌ఫ్రీడ్ అనే ఫ్రెంచ్ పండితుడు పశ్చిమ ఫ్రాన్స్ మ్యాపులు ముందేసుకుని కూర్చున్నాడు. గ్రానైట్ నేల ఉన్న చోట జనం కుడిపక్క పార్టీలకి, సున్నపురాయి నేల ఉన్న చోట ఎడమపక్కకి ఓటేస్తున్నారని చూపించాడు. రాయి ఓటేయదు కదా! నేలని బట్టి నీళ్లు, నీళ్లని బట్టి ఊళ్లు దగ్గరగానో దూరంగానో ఉండటం, దాన్ని బట్టి భూస్వామి పట్టు, చర్చి పట్టు, ఇలా గొలుసులా అల్లుకుంటూ వెళ్లాడు. గొప్ప పని. కానీ ఇందులో ఒక గుంట ఉంది, కరణం గారి ఏటిలో ఉన్నట్టే.

ఆ గుంటని 1950లో రాబిన్‌సన్ అనే అమెరికన్ పండితుడు బయటపెట్టాడు. 1930 జనాభా లెక్కలు తీసుకున్నాడు. విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత కూడా ఎక్కువ. అంటే విదేశాల నుంచి వచ్చినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లా? మనిషి మనిషినీ చూస్తే తిరగబడింది. వాళ్లలోనే చదువు రానివాళ్లు కాస్త ఎక్కువ. చదువుకున్న స్థానికులు ఎక్కువున్న రాష్ట్రాలకి వాళ్లు వలస వెళ్లారు, అంతే. కాబట్టి ప్రాంతం మొత్తాన్ని చూసి అందులోని మనిషి గురించి తీర్పు చెప్పకూడదు. మన దగ్గర కూడా "ఆ మండలంలో ఫలానా కులం ఎక్కువ, ఫలానా పార్టీ గెలిచింది, కాబట్టి ఆ కులం మొత్తం ఆ పార్టీకే వేసింది" అంటుంటారు. రాబిన్‌సన్ చెప్పిన తప్పు సరిగ్గా అదే.

సరే, ప్రాంతాన్ని చూస్తే తప్పు అయితే, మనిషినే అడుగుదాం. సర్వేల కాలం వచ్చింది. 1958లో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన వారెన్ మిల్లర్, డోనల్డ్ స్టోక్స్ ఒక పెద్ద ప్రశ్న వేసుకున్నారు. అమెరికా పార్లమెంటు సభ్యుడు తన నియోజకవర్గం అభిప్రాయం ప్రకారం నడుస్తున్నాడా? 116 నియోజకవర్గాలు ఎంచుకున్నారు. సభ్యుల్ని అడిగారు, వాళ్ల మీద పోటీ చేసినవాళ్లని అడిగారు, ఓటర్లని అడిగారు. 1963లో ఫలితాలు వేశారు. నల్లజాతి వాళ్ల పౌరహక్కుల విషయంలో సభ్యుడూ ఓటర్లూ దగ్గరగా ఉన్నారు. విదేశాంగ విషయాల్లో అంత పొత్తు లేదు.

వాళ్ల నమూనాలో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ ఉన్న నియోజకవర్గం కూడా పడింది. 1957లో అక్కడి సెంట్రల్ హైస్కూల్లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లల్ని చేర్చుకోవడం మీద దేశమంతా అట్టుడికింది. అక్కడి సభ్యుడు బ్రూక్స్ హేస్ 1943 నుంచీ గెలుస్తూ వస్తున్నాడు. ఆయన రాజీ కోసం మధ్యలో నిలబడ్డాడు. గవర్నర్‌కీ అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కీ మధ్య మాటలు కుదిర్చాడు. 1958 ఎన్నికలకి వారం రోజుల ముందు డేల్ ఆల్ఫర్డ్ అనే కంటి డాక్టరు బరిలో దిగాడు. బ్యాలెట్ మీద ఆయన పేరు లేదు, ఓటర్లే రాసి వేయాలి. అయినా గెలిచాడు! సర్వేలో పలకరించిన అక్కడి ఓటర్లలో ఇద్దరు అభ్యర్థుల గురించీ తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. మామూలు రోజుల్లో జనం సభ్యుణ్ణి అంత పట్టించుకోరు, మనసుకి తగిలిన విషయం వస్తే అందరూ లేచి కూర్చుంటారు.

అయితే ఈ సర్వేకి ఒక బలహీనత ఉంది. ఓటర్లని నియోజకవర్గాలకి పంచి చూస్తే సగటున ఒక్కోదానికి పది, పదిహేను మంది. లక్షల మంది ఉన్న చోట పదిహేను మంది! సగటు చెప్పడమే కష్టం, ఎవరు ఎంత దూరంగా ఉన్నారో చెప్పడం ఇంకా కష్టం. పదిహేను మందిలో ఇద్దరు అటో ఇటో అయితే లెక్క మొత్తం మారిపోతుంది.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. నాయకుల భావాల్ని కొలవడం తేలిక. అమెరికా పార్లమెంటులో ఎవరు ఏ బిల్లుకి ఎలా ఓటేశారో 1789 నుంచీ రికార్డు ఉంది. కీత్ పూల్, హోవర్డ్ రోసెంతల్ అనే ఇద్దరు 1980ల్లో ఆ రికార్డు మొత్తం కంప్యూటర్‌కి పెట్టి ప్రతి సభ్యుడూ ఎడమ నుంచి కుడికి ఎక్కడున్నాడో గీత మీద పెట్టేశారు. నాయకుడికి వందల ఓట్లు, అన్నీ పేరుతో సహా. ఓటరుకి ఏమీ లేదు.

1992 నవంబర్‌కి వద్దాం. లాస్ ఏంజెలెస్ కౌంటీ. ఆ ఏప్రిల్ చివర్లోనే ఆ నగరంలో అల్లర్లు జరిగి 60 మందికి పైగా చనిపోయారు. నవంబర్‌లో అధ్యక్ష ఎన్నికలు. కాలిఫోర్నియాలో ఒక పద్ధతి ఉంది. నాయకుల్నే కాదు, కొన్ని చట్టాల్ని కూడా నేరుగా ఓటర్లనే అడుగుతారు. ఆ ఒక్క రోజే 13 ప్రతిపాదనలు. స్కూళ్లకి అప్పు తేవాలా? నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లు డాక్టర్ సాయంతో ప్రాణం విడవడానికి అనుమతి ఇవ్వాలా? పేదల సాయం తగ్గించాలా? పన్నులు పెంచాలా? పార్లమెంటు సభ్యుల పదవీకాలానికి పరిమితి పెట్టాలా? ఒక్కో ఓటరు అధ్యక్షుడికి, ఇద్దరు సెనేటర్లకి, ఇంకా ఈ ప్రశ్నలన్నింటికీ ఒకే బ్యాలెట్ మీద జవాబు చెప్పాడు. కార్డుకి చిల్లులు పెట్టి వేసే ఓటు. కార్డు మీద ఓటరు పేరు లేదు. కానీ మెషిన్ ఒక్కో కార్డుని విడివిడిగా చదివి రికార్డు చేసుకుంది.

ఎలిజబెత్ గెర్బర్, జెఫ్రీ లూయిస్ అనే ఇద్దరు పరిశోధకులకి ఆ రికార్డు దొరికింది. సుమారు 28 లక్షల బ్యాలెట్లు! పదిహేను మంది ఎక్కడ, 28 లక్షలు ఎక్కడ. వాళ్లు దాన్ని పరీక్ష పేపర్లలా చూశారు. మీరు జీఆర్ఈ లాంటి పరీక్షలు రాసి ఉంటే అందులో ఒక పద్ధతి ఉంటుంది. ఏ ప్రశ్నకి ఎవరు ఏం జవాబు రాశారన్న వరసని బట్టి మనిషి స్థాయినీ, ప్రశ్న స్థాయినీ ఒకేసారి అంచనా కడతారు. ఇక్కడ తెలివికి బదులు భావజాలం. పన్నులు పెంచమన్నవాడు, పేదల సాయం తగ్గించొద్దన్నవాడు ఒక పక్కకి వస్తారు. అటూ ఇటూ కలిపినవాడు మధ్యలోకి వస్తాడు. అలా ప్రతి నియోజకవర్గంలోనూ మధ్య ఓటరు ఎక్కడున్నాడో, మిగతావాళ్లు ఎంత దూరం పరుచుకున్నారో మొదటిసారి నేరుగా కనపడింది.

మధ్య ఓటరు ఎందుకంటే, 1948లో డంకన్ బ్లాక్, 1957లో ఆంథనీ డౌన్స్ ఒక వాదన చెప్పారు. అందర్నీ ఎడమ నుంచి కుడికి వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాణ్ణి ఎవరు గెలుచుకుంటే వాళ్లదే గెలుపు. కాబట్టి నాయకులు ఆ మధ్య మనిషి వైపు జరుగుతారు. వీధిలో రెండు టీ కొట్లు ఉంటే రెండూ నడిమధ్యకే వచ్చి పక్కపక్కన చేరినట్టు. వినడానికి బాగుంది. కానీ నిజంలో చాలామంది నాయకులు ఆ మధ్య మనిషికి దూరంగానే ఉంటున్నారు. ఎందుకు?

గెర్బర్, లూయిస్ 2004లో వేసిన జవాబు ఇది. జనం భావాలు దగ్గరదగ్గరగా ఉన్న నియోజకవర్గంలో నాయకుడు మధ్య ఓటరుకి కట్టుబడి ఉంటున్నాడు. జనం దూరందూరంగా ఉన్న చోట ఆ కట్టు వదులవుతోంది, నాయకుడు తన దారిన తను పోగలుగుతున్నాడు.

దీని గురించి కాస్త ఆలోచించండి. రకరకాల అభిప్రాయాలున్న చోట నాయకుడు అందరి మాటా వినాలి అనుకుంటాం. జరిగేది తలకిందులు. "మా వాళ్లు కొందరు అటు అంటారు, కొందరు ఇటు అంటారు" అని చెప్పి ఏ పక్కకైనా పోవచ్చు. జనంలోని తేడా నాయకుడికి స్వేచ్ఛ అవుతోంది. అందుకే ఈ కొలత పండితుల సరదా మాత్రమే కాదు. తేడా ఎంతుందో మనకి తెలియకపోతే, "నా నియోజకవర్గం కోరిక ఇదే" అని నాయకుడు అన్నప్పుడు అది నిజమో కాదో అడగలేం.

మరి మన దగ్గర? మన ఓటర్ల భావాలకి అమెరికా గీత సరిపోదు. ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో వేసిన పుస్తకంలో భారతదేశంలో అసలు తేడాలు రెండు ప్రశ్నల చుట్టూ ఉన్నాయన్నారు. సమాజం పద్ధతుల్లో ప్రభుత్వం ఎంతవరకు వేలు పెట్టాలి, అణగారిన వర్గాలకి ప్రత్యేక గుర్తింపు, రిజర్వేషన్లు ఎంతవరకు ఇవ్వాలి. ఢిల్లీలో 1963లో రజనీ కొఠారీ స్థాపించిన సీఎస్‌డీఎస్ 1960ల నుంచీ ఓటర్ల సర్వేలు చేస్తోంది. దేశం గురించి, రాష్ట్రం గురించి అవి చెప్పగలవు. ఒక్క నియోజకవర్గం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మిల్లర్, స్టోక్స్ సమస్యే, చేతిలో మిగిలేది కొద్దిమందే.

మన బ్యాలెట్ కూడా ఒకే ప్రశ్న అడుగుతుంది, ఏ గుర్తుకి అని. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకే రోజు ఓటేశారు, కానీ రెండు వేరువేరు మెషిన్లు. ఎమ్మెల్యేకి ఒక పార్టీ, ఎంపీకి ఇంకో పార్టీ వేసినవాళ్లు ఎంతమందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. క్రాస్ ఓటింగ్ మీద టీవీల్లో చెప్పేదంతా మొత్తాల్ని పక్కపక్కన పెట్టి చేసే ఊహ. వెయ్యి మంది అటు నుంచి ఇటు, ఇంకో వెయ్యి మంది ఇటు నుంచి అటు మారితే తేడా సున్నా కనపడుతుంది.

అయితే మన దగ్గర ఇంకొకటి బాగా కనపడుతుంది, బూత్. ఫారం 20లో ప్రతి పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని వచ్చాయో ఉంటుంది. బూత్ అంటే వెయ్యి మంది చిల్లర, అంటే రెండు మూడు వీధులు. పేపర్ బ్యాలెట్ల కాలంలో బూత్‌ల కాగితాలు కలిపేసి లెక్కపెట్టే నిబంధన ఉండేది. ఈవీఎంలు వచ్చాక బూత్ లెక్క విడిగా తెలిసిపోతోంది. "ఆ వీధి మనకి వేయలేదు, అక్కడ రోడ్డు ఎందుకు?" అనడానికి దారి అదే. అందుకే 2008లో ఎన్నికల కమిషన్ టోటలైజర్ అనే యంత్రం ప్రతిపాదించింది. కొన్ని ఈవీఎంల ఓట్లని కలిపి ఒకేసారి చూపిస్తుంది. అది ఎన్నికల్లోకి రాలేదు.

లాస్ ఏంజెలెస్‌కీ మన బూత్‌కీ తేడా గమనించండి. అక్కడ పరిశోధకులు ఒక్కో బ్యాలెట్‌నీ చూశారు, దాన్ని వేసిన మనిషెవరో వాళ్లకి తెలియదు. మన ఫారం 20 మనసు గురించి చాలా తక్కువ చెప్తుంది, మనుషులు ఎక్కడుంటారో మాత్రం చెప్పేస్తుంది. ఒక బూత్‌లో ఓట్లన్నీ ఒకే గుర్తుకి పడితే అక్కడ ఎవరి ఓటూ రహస్యం కాదు.

చివరిగా మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతి. 2013లో మిహావ్ కొసిన్‌స్కీ, ఇంకో ఇద్దరు పరిశోధకులు 58,000 మందికి పైగా వలంటీర్ల ఫేస్‌బుక్ లైక్స్ మీద పనిచేశారు. ఒక డెమొక్రాట్‌నీ ఒక రిపబ్లికన్‌నీ పక్కపక్కన పెడితే, లైక్స్ చూసి 100కి 85 సార్లు ఎవరు ఏ పార్టీయో సరిగ్గా చెప్పగలిగారు. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడినప్పుడు 8.7 కోట్ల మంది వరకు సమాచారం వెళ్లి ఉండొచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. ఓటు పెట్టెలో భద్రంగానే ఉంది, ఓటుకి ముందున్న మనసు బయట తిరుగుతోంది. పేరుతో సహా, ఊరితో సహా. ఇంగ్లండ్ ప్రింటర్ అచ్చేసి అమ్మిన పుస్తకానికీ దీనికీ ఒక్కటే తేడా. అప్పుడు ఓటరుకి తన పేరు అందులో ఉందని తెలుసు.

కాబట్టి ఈసారి ఎవరైనా నియోజకవర్గం మనసు ఇదీ అని చెప్తే రెండు ప్రశ్నలు అడగండి. ఈ లెక్కలో కాదన్నవాళ్లు ఎంతమంది, ఎంత దూరంలో ఉన్నారు? ఈ లెక్క కట్టేటప్పుడు ఎవరెవరన్నది ఎవరికైనా తెలిసిపోయిందా? మొదటి దానికి జవాబు ఉండాలి. రెండోదానికి జవాబు "లేదు" అని రావాలి. రెండూ కుదిరిన లెక్కని నమ్మొచ్చు.

ఈ ఎపిసోడ్ ఇక్కడితో ఆపుతున్నాను. మీ బూత్ ఫారం 20 మీ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. తీరిక ఉన్నప్పుడు ఒకసారి తెరిచి చూడండి. మీ వీధి గురించి ఎంత చెప్తోందో, ఎంత దాస్తోందో మీకే తెలుస్తుంది. ఉంటానండి, నమస్తే.